మాట రాని టీవీ

మొన్నమొన్నటిదాక మా ఇంట్ల టీవీ లేకుండె అంటే ఎవ్వలూ నమ్మరు. "సిరిసిల్ల నడుమల ఉంటున్నవ్, టీవీ లేదా?" అని నాతోని బీడీలు చుట్టే ఆడోళ్లు నవ్వేటోళ్లు. పైసలు లేక కాదు. అంటే, పైసలూ లేవనుకోండ్రి, కని అసలు సంగతి వేరే. మా ముందటి అర్రల రెండు సాంచాలుండె. కరెంటు మగ్గాలను మా దిక్కు సాంచాలంటం. పొద్దుగాల షురూ జేస్తే గోడలు సుత అదిరేటివి. గా సప్పుడుల టీవీ పెట్టుకుని ఏమింటరు? పక్కపొంటి నిలవడి ఒర్రినా ఇనవడది.

అందుకే సాంచాల కాడ బతికేటోళ్లం మాటలను చెవులతోని కాదు, కండ్లతోని ఇంటం. ఎదుటోళ్ల పెదవులు జూసి సమజ్ చేసుకుంటం. ఇది ఎవ్వలూ నేర్పరు, అలవాటైతది. సాంచాల అవుతల నిలవడి మా అవ్వ "ఉప్పు ఒడిసింది" అంటే, ఇవుతలికెల్లి బాపు "మాపటికి తెస్త తియ్" అనేటోడు. ఇద్దరి గొంతులూ బయటికి రాకపోతుండె. కొట్లాడుకున్నా గంతే. సప్పుడు లేని కొట్లాట చూస్తే నాకు నవ్వొచ్చేది.

అవ్వ పోయి శానేండ్లయింది. బతుకంత సాంచాల నడుమల నిలవడ్డందుకు బాపుకు రెండు చెవులూ పోయినయ్. నేను ఒక్కతే బిడ్డను గనుక మా ఆయన ఇల్లటం వచ్చిండు. మా పిల్ల హాస్టల్ల ఉండి చదువుకుంటది. ఇంట్ల మిగిలింది మేం ముగ్గురం, గా రెండు సాంచాలు.

పోయినేడు సాంచాలకు పని దొరకలే. దొరికిన కాడికి కరెంటు బిల్లుకే సాలకపోతుండె. మా ఆయన బయట పెద్ద కార్ఖానల పనికి కుదిరిండు. తుక్కు కింద అమ్మేద్దామని నేనే అన్న. "మీ బాపును నువ్వే అడుగు, నన్ను నడుమల ఇరికియ్యకు" అని ఆయన తప్పించుకున్నడు.

అడిగిన. ఎట్లడిగిన్నో చెప్తే మీరు నన్ను తిడ్తరు. ఒళ్లె చేట పెట్టుకుని బీడీలు చుట్టుకుంట, ఆకు మీదికెల్లి తల లేపకుండ, "బాపూ, సాంచాలు అమ్ముదామనుకుంటున్న, నువ్వేమంటవ్" అన్న. బాపు ఏమనలే. ఏమనలేదంటే ఒప్పుకున్నట్టే అనుకున్న. నిజం చెప్పాలంటే, నా మూతి ఆయనకు కనవడలేదని నాకు తెల్సు. ఎదురుంగ నిలవడి అడిగే ధైర్యం లేక గట్ల అడిగిన.

మూడోనాడు ట్రాలీ ఆటో వచ్చి వాకిట్ల ఆగింది. ఇద్దరు మనుషులు సుత్తెలు పట్టుకుని లోపలికొస్తుంటే బాపు నా దిక్కు చూసిండు. "చెప్పిన గదా బాపూ" అన్న. అప్పుడు మాత్రం సక్కగ మొకం మీదనే అన్న. సిగ్గులేని నోరు నాది.

గా రోజుకెల్లి బాపు నాతోని మాట్లాడుడు బంద్ జేసిండు. మా ఆయనతోని అవసరానికి ఒకటి రెండు మాటలు, నాతోని అదీ లేదు. చెవులున్నోళ్లు అలిగితే ఎనుక నిలవడైనా బతిలాడొచ్చు. బాపు మొకం తిప్పుకుంటే ఇగ తలుపు పెట్టుకున్నట్టే. నేను ఇటు పోతే ఆయన అటు తిరుగుతుండె, అటు పోతే ఇటు తిరుగుతుండె. ఒకనాడు నాకు కోపమొచ్చి సుట్టూ తిరిగిన. కండ్లు మూసుకున్నడు. ముసలోడయిండు గని మొండితనం పోలే, అదే నాకూ వచ్చింది.

ఖాళీ అర్రల సాంచాలు బిగిచ్చిన బోల్టుల పొక్కలుండె. గా పొక్కల పక్కన చాప ఏసుకుని గోడ దిక్కు చూసుకుంట కూసునేటోడు. పెట్టిన బువ్వల సగం ఇడిసిపెట్టేటోడు. మనిషి కండ్ల ముందటనే ఎండిపోతుంటే నాకు బుగులు వట్టింది. ఇట్లనే అలిగి పోతడా ఏంది, నాతోని ఒక్క మాట మాట్లాడకుండనే పోతడా అని.

గోడ దిక్కే చూస్తుండు గదా, గా గోడ మీద ఏదన్న కదులుతుంటే మనసు మళ్లుతదేమో అనుకున్న. గట్ల వచ్చింది టీవీ ముచ్చట. బీడీల బోనసు చేతికొచ్చి ఉండె. పదివేలు దాటొద్దు, గదే లెక్క.

"ఇనవడనాయనకు టీవీయా? గుడ్డోనికి అద్దం కొనిచ్చినట్టుంటది" అన్నడు మా ఆయన.

"పెద్ద సౌండుది తెస్త. జరంతన్న ఇనవడ్తది."

"నువ్వొర్రితెనే ఇనవడ్తలేదు, నిన్ను మించిన సౌండు ఏ కంపెనోడు చేస్తడే?"

అన్నడు గని బాపును బయలెల్లదీసింది ఆయననే. ఎదురుంగ కూసుని, "మామా, కరీంనగర్ల టీవీ కొందామనుకుంటున్నం, నువ్వు సుత రా" అన్నడు. బాపు లేచి అంగి తొడుక్కున్నడు. బస్సుల అల్లుని పక్కన కూసున్నడు. నేను ఎనుక సీట్ల కూసుని ఆయన తెల్ల ఎంటికలు చూసుకుంట పోయిన.

దుకాణంల గోడ నిండ టీవీలే. దుకాణమాయన మా చెప్పులు జూసి మా కాడ ఎంతున్నదో లెక్క కట్టినట్టున్నడు, సక్కగ చిన్నయి ఉన్న కాడికే తీస్కపోయిండు.

"గిది ఇరువై నాలుగు ఇంచులదక్కా, మంచిగుంటది."

"సౌండెంత వస్తది?"

"ఇంటికి సరిపోను వస్తది."

"మా ఇంటికి ఎంత సరిపోతదో నీకేమెరుక, పెంచు" అన్న. పెంచిండు. ఇంక పెంచుమన్న. ఆఖరి దాక పెంచి, ఇగ ఇంతనే అన్నడు. చుట్టుపక్కలోళ్లు చెవులు మూసుకున్నరు. ఎవరో తల్లి సంకల పిల్ల లేచి ఏడ్వవట్టింది. మా ఆయన నేను ఎవరో తెల్వనట్టు ఫ్రిజ్‌ల ఎనుకకు పోయి నిలవడ్డడు. ఇది సాలది, దీనికో స్పీకర్ డబ్బ కలిపియ్యమన్న. చిన్న టీవీ, పెద్ద డబ్బ, రెండూ కలిస్తే నా పదివేలకు సరిగ్గ ఒదుగుతయ్. ఖాయం చేసుకుని, బాపుకు చూపిద్దామని తిరిగితే బాపు లేడు.

దుకాణం మూలకు, కింద నేల మీద గోడకు ఆనిచ్చి ఒక పెద్ద టీవీ ఉండె. బాపు దాని ముందట నిలవడి ఉన్నడు. అండ్ల ఒకామె వార్తలు చదువుతున్నది, మాట బయటికి వస్తలేదు. మా ఆయన ఫ్రిజ్‌ల కాడికెల్లి వచ్చి పక్కన నిలవడంగనే, బాపు ఆయన భుజం తట్టి, నిమ్మలంగ అన్నడు.

"ఆదిలాబాద్ దిక్కు వానకు పత్తి తడిసిందట. కొనేటోళ్లు లేక రైతులు మార్కెట్లనే పండుకున్నరట."

బాపు నోట్లకెల్లి గన్ని మాటలు ఒక్కపారే వచ్చి ఎన్ని నెలలయిందో. నేను ఉన్న కాడనే నిలవడ్డ. దుకాణమాయన పక్క టీవీల గదే వార్త పెట్టి సౌండిచ్చిండు. పత్తి సంగతే. కింద ఉరికే అక్షరాలు చదివిండు అనుకునేరు, మా బాపు బడి మొకం చూడలే. గామె పెదవులు జూసి చెప్పిండు. సాంచాల కాడ అందరికీ వచ్చిన ఇద్యనే గని, టీవీ ముందట పనికొస్తదని నాకు తట్టలే. నేనేమో చెవులు లేనాయన కోసం చెవుల సామాను ఎతుకుతున్న.

ఉరికిపోయి నేను ఖాయం చేసిన చిన్న టీవీ చూసిన. అండ్ల గామె మూతి శెనగ గింజంత కనవడ్డది. బాపుకు కావాల్సింది సౌండు కాదు, పెద్ద బొమ్మ. పెద్ద బొమ్మ పదివేలకు ఎక్కడొస్తది?

"గదెంత?" అని మూలకున్నదాన్ని చూపిచ్చిన.

"అది అమ్మేది కాదక్కా. దించేటప్పుడు కిందవడ్డది. బొమ్మ బేషుగ్గ వస్తది, మాట రాదు. వాపసు పంపుదామని పెట్టిన."

"ఎంతకిస్తవో చెప్పు."

"మూగ టీవీ తీస్కపోయి ఏం చేసుకుంటరు?" అని నవ్విండు. మంచోడే, దాచలే. పైసలున్ననాడు బయట స్పీకర్ తగిలిచ్చుకుంటే మాటొస్తదని, కని ఇంకోటి ఏమన్నయితే పూచీ తనది కాదని ముందే చెప్పిండు. బేరం చేసిన. నా బేరం ముందట నిలిచినోడు లేడు, పదివేల లోపలికే దించిన.

మా ఆయన పరేషాన్ అయిండు. "ఊకె బొమ్మలు చూసుకుంట కూసుంటమా? పైసలన్ని నీళ్లల్ల పోసినట్టే." ఒకపారి బాపును అడగకుండ చేసిన పనికి ఇంత అయింది. "నువ్వు అడుగు ఆయనను" అన్న మా ఆయనతోని. అడిగిండు. బాపు టీవీని ఈ కొసకెల్లి ఆ కొస దాక జానలు పెట్టి కొలిచిండు. "మన గోడకు వడ్తది" అన్నడు. కొన్నం.

వాడకట్టు ఆడోళ్లు చూడ వచ్చి కడుపు వట్టుకుని నవ్విండ్రు. పైసలు పెట్టి మూగదాన్ని తెచ్చుకున్నరన్నరు. నవ్వనియ్యి అనుకున్న.

మాపటికి మా ఆయన పనికెల్లి వచ్చి, టీవీ ముందట కూసుని, "మామా, ఏమంటున్నరు?" అని అడిగేటోడు. ఆయన అడగక తప్పదు, బాపు చెప్పక తప్పదు. మొదట్ల ఒక్కొక్క మాటనే. "వాన." "ఎలచ్చన్లు." పది రోజులు పోయినంక మాటకు మాట కలిసింది. నెల తిరిగే వరకు వార్తలకు తన సొంత మాటలు కలపవట్టిండు. "గీ లీడరు అబద్దమాడుతుండు సూడు, చెప్పేముందు పెదవులు తడుపుకుంటుండు" అంటుండె. నవ్విన ఆడోళ్లే వచ్చి కూసుని, "తాతా, ఏమైంది, ఏమైంది" అని అడుగుతుండ్రి. బువ్వ పూర్తిగ తినవట్టిండు.

ఒక్క సీరియళ్లే ఆయనకు అందకపోతుండె. వేరే భాషల తీసి తెలుగు మాటలు అతికిచ్చినయి గదా. "గీళ్ల మూతులు మనయి కావు, తియ్" అని మొకం చిట్లిచ్చుకునేటోడు.

నాతోని మాత్రం ఇంకా మాట లేదు. చెప్పేదంత అల్లుని మొకం చూసి చెప్పేటోడు. నేను ఎనుక కూసుని బీడీలు చుట్టుకుంట ఇనేదాన్ని. మాట నాది కాకున్నా గొంతు మా బాపుదే గదా, గంతే సాలనుకున్న. "స్పీకర్ తేవాల్నా?" అని మా ఆయన అడిగితే వద్దన్న.

ఒక ఆదివారం పగటిపూట ఏదో సీరియలు వస్తున్నది. అండ్ల ఒక ముసలాయన, ఎదురుంగ ఆయన బిడ్డ, ఇద్దరూ నిలవడి మాట్లాడుతున్నరు. మా ఆయన ఊకె తమాషకు, "మామా, గా ముసలాయన ఏమంటుండు?" అని అడిగిండు. సమజైతలేదంటడనుకున్నం. బాపు టీవీ దిక్కే చూసిండు.

"బిడ్డతోని చెప్తుండు" అన్నడు.

"ఏమని?"

"నువ్వు అమ్ముడు తప్పు కాదు బిడ్డా అంటుండు. ఉంచినా నేనెన్ని రోజులు నడిపేటోన్ని? మీ అవ్వ ఉన్నా అమ్ముమనేదే. నాకు చెప్పకుండ అమ్మితివని గోసైంది గంతే, అంటుండు."

మా ఆయన మెల్లగ నా దిక్కు తిరిగి, బాపుకు కనవడకుండ, గొంతు లేకుండ, ఉత్త పెదవులతోని అన్నడు. "గాయన గట్ల అంటలేడు. కాయిదాల మీద సంతకం పెట్టుమని బెదిరిస్తుండు. నేను సెల్లుల చూసిన."

నాకు ఏడుపాగలే. చేట పక్కకు నూకి, లేచి పోయి బాపు ముందట కూసున్న. కండ్లు మూసుకుంటడేమో అని భయమైంది. మూసుకోలే. నా మూతి దిక్కే చూసిండు.

"తప్పయింది బాపూ" అన్న. ఏమన్న అనుమని, "గా ముసలాయన ఇంకేమంటుండు?" అని అడిగిన.

బాపు నా నెత్తి మీదికెల్లి టీవీ దిక్కు తొంగి చూసిండు.

"బిడ్డా, జర పక్కకు జరుగు అంటుండు. బొమ్మ కనవడ్తలేదట."

కండ్లు తుడుసుకుని జరిగి, ఆయన పక్కన చాప మీద కూసున్న.