సెటిలైన సారు

పేట్ బషీరాబాద్ లాయరు జయకృష్ణ వలస కార్మికుల హక్కుల గురించి సభల్లో కళ్ళు మూసుకుని మాట్లాడతాడు. తెరిస్తే ఎదురుగా కార్మికులెవరూ ఉండరు, అందరూ తోటి వక్తలే. మొన్న గుండ్లపోచంపల్లిలో ఓ ఇంటి ఓనరు, పరాయి రాష్ట్రంవాళ్ళు వద్దంటూ ఒడిశా కూలీల సామాను బయట పడేసి తాళం వేశాడు. వాళ్ళకు వండిపెట్టే కమలాబాయి వెళ్ళి సారును పిలుచుకొచ్చింది. "నోటీసు లేకుండా గెంటేస్తావా? కేసేస్తాను!" అని ఆయన ఉరిమాడు. ఓనరు జంకి తాళం తీశాడు. కమలాబాయి మురిసిపోయింది. "వలసొచ్చినోల్ల గోస వలసొచ్చినోల్లకే ఎర్కైతది. సారు గూడ భీమవరంకెల్లి వచ్చిండు గద!" జయకృష్ణ మొహం మాడిపోయింది. "నేను వలసేంటమ్మా? విల్లా కొనుక్కుని సెటిలైపోయాం!" ఆమె లోపల పొయ్యి వెలిగించి, కూలీలందరికీ అన్నం పెట్టేసరికి కూడా ఆయన గుమ్మంలోనే నిలబడి, తాను వలస కాదని ఆ ఓనరుకే నచ్చజెబుతున్నాడు.