సున్నా మాస్టారి గొంతు

లెక్కల మాస్టారు పోయి ఏడాది తిరక్కముందే పదో తరగతి వీడ్కోలు సభ వచ్చింది. లెక్క తప్పితే మొహమాటం లేకుండా సున్నా చుట్టేవాడని పిల్లలు ఆయనకు సున్నా మాస్టారని పేరు పెట్టారు. ఆయన భార్య అదే బడిలో లైబ్రరీ చూసుకుంటుంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

పిల్లలు ఒక్కొక్కరే లేచి ఐదేళ్ల బడి ముచ్చట్లు తలుచుకుంటున్నారు. చిలక అని అందరూ పిలిచే కుర్రాడు గొంతు సవరించుకుని, "ఊఁ... బోర్డు చూడరా, నా మొహంలో ఏముంది?" అన్నాడు. అచ్చం మాస్టారే! హాలంతా పగలబడి నవ్వింది. అంతలో వెనక వరసలో మాస్టారి భార్య కనబడేసరికి వాడికి పై ప్రాణాలు పైనే పోయాయి.

సభ అయ్యాక ఆవిడే వాణ్ణి లైబ్రరీలోకి పిలిచింది.

"తప్పయిపోయింది మేడం."

"ఏడిశావులే. ఆ గొంతుతోనే ఇంకో మాట అను. 'తలుపు తియ్యవే, తాళంచెవి మర్చిపోయా' అను."

రోజూ సాయంత్రం ఆయనది అదే మాట, ఆవిడది అదే విసుగు.

కుర్రాడు తల వంచుకుని, ఆ గొంతుతోనే అన్నాడు.

"వస్తున్నా, వస్తున్నా! కొంప మునిగినట్టు అరవకండి," అంటూ ఆవిడ కుర్చీలోంచి లేచి, తెరిచే ఉన్న తలుపు దాకా వెళ్లి నిలబడిపోయింది.