కొట్టులో ఒకే ఒక్క స్టూలు

ఆ రోజుల్లో గాజువాక బస్టాపు వెనకున్న వీడియో గేముల కొట్టులో ఉన్నవి ఇవి: రెండు మెషీన్లు (ఒకటి ఎప్పుడూ రిపేరులోనే), గోడకి ఒక ఫ్యాను, ఏసుప్రభువు క్యాలెండరు, ఒక స్టూలు. మనుషుల్లో కొట్టు యజమాని (మావయ్య అనేవాళ్లం, ఎవరికీ మావయ్య కాడు), నాతో పాలిటెక్నిక్ చదివే బావ (అందరికీ బావే, అతనికీ అందరూ బావలే), నేను. మిగతావాళ్లు వచ్చిపోయేవాళ్లు, వాళ్లని లెక్కలోకి తీసుకోను.

గొడవంతా ఆ స్టూలు గురించే. నిలబడి ఆడేవాడు మామూలువాడు, కూర్చుని ఆడేవాడు అసలు ఆటగాడు. ఈ నియమం పెట్టింది బావ. పెట్టినప్పుడు అతను స్టూలు మీదే ఉన్నాడు. తనకంటే తక్కువ ఆడేవాళ్లు టైంపాస్‌గాళ్లు, ఎక్కువ ఆడేవాళ్లు పనీపాటా లేనివాళ్లు, సరిగ్గా తనంత ఆడేవాడే అసలోడు అని అతని సిద్ధాంతం. నా గురించి నేనూ అచ్చం అలాగే అనుకునేవాణ్ణి కాబట్టి సిద్ధాంతాన్ని తప్పు పట్టలేకపోయాను. పేచీ కొలత దగ్గరే. బావ చూపించే రుజువులేమిటయ్యా అంటే, బొటనవేలి మీద కాయ, అక్క నిశ్చితార్థంలో భోజనానికి అందకపోవడం, కలలో కూడా ఆటలోని రాకెట్ల చప్పుడు వినపడటం. ఇందులో కొలవదగ్గది ఒక్కటైనా ఉందా? మెకానికల్ డిప్లొమా చదువుతున్న మనిషి కలల్ని ఆధారంగా చూపిస్తాడా? స్కోరంటే మెషీను వేసే అంకె, దానికి మొహమాటం ఉండదు, దాన్నే కొలతగా పెట్టమన్నాను. వారం వాదించాక ఒప్పుకున్నాడు. తన స్కోరు నేను దాటి, అది తను కళ్లారా చూస్తే, స్టూలు నాది.

ఒక సాయంత్రం దాటాను. బావ రోడ్డవతల టీ కొట్టులో ఉన్నాడు. మావయ్య మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్నాడు. లేపితే “ఊఁ, బాగుంది” అని అటు తిరిగాడు. తెర మీద అన్నిటికంటే పైన నా పేరు మూడక్షరాలు వేసి, ఎవరూ ముట్టుకోకుండా మీటల మీద నా రుమాలు పరిచి పరిగెత్తాను. బావ తీరిగ్గా బన్ను ముక్క టీలో ముంచుకుని (నా కళ్లెదుటే, రెండోసారి కూడా) అప్పుడు లేచాడు. మేం రోడ్డు దాటుతుండగా కరెంటు పోయింది.

ఆ మెషీన్లకి కరెంటు పోతే జ్ఞాపకం కూడా పోయేది. కరెంటు తిరిగొచ్చాక తెర మీద కంపెనీవాళ్లు వేసి పంపిన పాత అంకెలే ఉన్నాయి. నా రుమాలు మాత్రం పరిచినచోటే ఉంది.

మావయ్యని సాక్ష్యం అడిగాను. తానేమీ చూడలేదని నిజమే చెప్పాడు. ఆ నిజాయితీ మీద నాకు ఈనాటికీ కోపమే.

“నాను నమ్ముతాను బావా,” అన్నాడు బావ స్టూలు మీద సర్దుకుంటూ. “స్కోరు వచ్చే ఉంటాది. మరి అంత స్కోరొచ్చినోడివి ఇంకో రూపాయి బిళ్ల ఏసీసి ఆడకుండా టీ కొట్టుకెందుకొచ్చినావ్? అసలోడికి ఎవుడు సూత్తే ఏటి, సూడకపోతే ఏటి?”

కళ్లారా చూడాలని షరతు పెట్టింది అతనే. ఆ ముక్క నాకు ఇంటికి గోపాలపట్నం వెళ్లే బస్సులో, సగం దూరం పోయాక గాని తట్టలేదు. మర్నాడు చెబితే “అయిపోయిందాన్ని ఏటి బావా మళ్లీ తవ్వుతావ్” అన్నాడు. డిప్లొమా అయ్యేదాకా నిలబడే ఆడాను.

మొన్న ఒక పెళ్లిలో బావ కనిపించాడు. ఉన్న ఒక్క ఖాళీ కుర్చీలో అతను కూర్చున్నాడు, నేను ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. ఆనాటి స్కోరు సంగతి కదిపాను. నవ్వేశాడు.

“ఏ స్కోరు బావా? అప్పుడేదో టైంపాస్‌కి ఆడినాం గదా.”

టైంపాస్ అట. బట్టతల మీద చెమట తుడుచుకుంటూ (రుమాలు వేరేదే) నేనూ నవ్వాను. అతను అడగలేదు గాని, ఆ సాయంత్రం నా స్కోరు నలభై ఒక్క వేల రెండు వందల అరవై.