మూడు నోళ్ళల్లో ఒకే మాట

యాదగిరి సార్ ఇక లేరని ఈ నెల మొదట్లో ఒక ఉదయం ఫోన్‌కు సందేశం వచ్చింది. నేను నమ్మలేదు. పంపినవారికి ఫోన్ చేశాను. సార్ పక్కింటివారికి చేశాను. అయినా మనసొప్పక యూసుఫ్‌గూడ వెళ్ళి, ఆయన ఇంటి ముందు షామియానా చూశాక గానీ కూలబడలేదు. మరణవార్తను కూడా వాకబు చేయడం కర్కశమని మీకు తోచవచ్చు. ఆ విద్య నాకు నేర్పింది ఆ సారే.

అమీర్‌పేటలో బోర్డుల మాటున గోడ కనబడని భవనం ఒకటి ఉంది. అందులో ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ బోధించేవారు. ఒకరు రాసిన ప్రోగ్రాములో ఇంకొకరు తప్పులు వెతకడమే ఆ పని. తణుకు నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో దిగిన నేను మొదట ఆయన శిష్యురాలిని, తర్వాత అక్కడే సహోద్యోగిని. క్లాసులో ఎవరైనా "అర్థమైంది సార్" అంటే చాలు, ఆయన కళ్ళు చిన్నవయ్యేవి. "అర్థమైందంటే నమ్మ. ఏడ అర్థం కాలేదో చెప్పు, అప్పుడు నమ్ముత" అనేవారు.

కింద టీ కొట్టులో అల్లం టీ అడిగితే గిన్నె మూత తీసి అల్లం చూపించమనేవారు. "సార్, అందరు మీ లెక్కనే ఉంటె నేను దుకాణం బంద్ పెట్టాలె" అన్నాడు ఒకసారి కొట్టతను. "అల్లం వేస్తున్నవ్ గద భాయ్, ఇంక నీకేం ఫికర్?" అన్నారు సార్. తాగేది మాత్రం ఎప్పుడూ అక్కడే.

ఒకే ప్రశ్నను నలుగురిని విడివిడిగా అడగడం ఆయన పద్ధతి. జవాబులు కాస్త తేడాగా వస్తే తృప్తి పడేవారు. అక్షరం పొల్లుపోకుండా ఒకటే వచ్చిందా, ఆ నలుగురి పనీ అయిపోయిందే. "ముగ్గురు చూసింది చెప్తే మూడు తీర్ల ఉంటది. మూడు నోళ్ళల్ల ఒక్కటే మాటొచ్చిందంటే ముందే మాట్లాడుకున్నరన్నట్టు."

కొన్నేళ్ళ క్రితం ఆయనకు మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు, జ్వరం లేదు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి వెళితే స్కాన్ తీశారు. తర్వాత డాక్టరుగారి గదిలోకి ఆయన బావమరిది శ్రీశైలం ఒక్కడే వెళ్ళి, ముఖం కడుక్కుని బయటికి వచ్చాడు. మన ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. పెద్ద జబ్బు వస్తే చుట్టపక్కాలందరికీ తెలుస్తుంది, జబ్బు పడినవాడికి తప్ప. దాన్ని మనం ప్రేమ అంటాం.

నేను ఇడ్లీలు తీసుకుని వెళ్ళేసరికి సార్ మంచం మీద కూర్చుని తనలో తాను నవ్వుకుంటున్నారు. భార్య సుగుణమ్మనూ, శ్రీశైలాన్నీ, కూతురు మౌనికనూ విడివిడిగా అడిగారట. ముగ్గురూ చెప్పింది ఒకటే: "చిన్న రాయే, తీసేస్తె అయిపాయె."

"మాట సుత మారలే చూడమ్మా" అన్నారు నాతో. "అదే చిన్న, అదే అయిపాయె. రాయైతే పొడవాలె గద, నాకు నొప్పే లేదాయె. నడు, డాక్టరమ్మను అడుగుదాం."

డాక్టరుగారు దాచలేదు. "మీవాళ్ళు చెప్పొద్దని బతిమాలారు. మీరు అడిగితే మాత్రం అబద్ధం చెప్పనని అప్పుడే అన్నాను" అని కుర్చీ చూపించారు. కుడి కిడ్నీలో గడ్డ ఉందనీ, చూడబోతే క్యాన్సర్‌లాగే ఉందనీ, కిడ్నీ తీసేయాలనీ చెప్పారు. సార్ క్లాసులో ప్రోగ్రాం ముందు కూర్చున్నట్టే కూర్చుని అడగడం మొదలుపెట్టారు. ముక్క తీసి పరీక్షించకుండ ఎట్ల చెప్తున్నరు? ఇలాంటి గడ్డ విషయంలో చాలాసార్లు స్కానే చెప్పేస్తుందట, తీసిన కిడ్నీని ఎలాగూ పరీక్షకు పంపుతారట. ఒక్కదానితోని బతుకుతనా? రెండోది బాగుంటే బతకొచ్చట. అందరికి ఇచ్చే కీమో నాకెందుకు ఇస్తలేరు, ఆశ వదులుకున్నరా? కాదట, కిడ్నీ క్యాన్సర్ సాధారణంగా ఆ మందుకు లొంగదట. మళ్ళీ వస్తే దానికి వేరే మాత్రలు, రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే ఇంజెక్షన్లు ఉన్నాయట.

తిరిగి వచ్చాక ఆయన కేకలేయలేదు. "సుగుణా, జబ్బు నాది. దాని ఖబర్ నాకే తెల్వకపోతే ఎట్ల? ఏడ్వు, తిట్టు, నీ ఇష్టం. నాకు మాత్రం ఉన్నది చెప్పు" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ సరేననలేదు.

ఆపరేషన్ అయ్యాక ఒక్క కిడ్నీతో నిక్షేపంగా పాఠాలు చెప్పారు. ఒక బంధువు ఏదో మూలికల పొడి తెస్తే, "దీంట్ల ఏమేం కలిపిన్రో చెప్పు. వడగట్టాల్సింది ఉన్న ఒక్క కిడ్నీయే" అన్నారు. చెప్పలేక అతను డబ్బా వెనక్కి తీసుకుపోయాడు. బాగున్నారంటే కూడా ఆయన నమ్మేవారు కాదు, స్కాన్ గడువు ఏనాడూ దాటనివ్వలేదు. అలా ఒక స్కాన్‌లోనే ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సర్ మచ్చలు ముందుగా బయటపడ్డాయి. మాత్రలు మొదలయ్యాక అరచేతులు, అరికాళ్ళు పగిలాయి, బీపీ పెరిగింది. చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని మార్కర్ పట్టుకునేవారు. అనుమానం పిరికివాళ్ళ లక్షణమని నేను అనుకునేదాన్ని. ఆయన మూడో వరస బెంచీ దగ్గర నిలబడి, "నొప్పి ఎట్లున్నదని అడగకున్రి, ఎందుకు వచ్చిందో అడుగున్రి" అంటుంటే ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

దశదినకర్మ రోజున శ్రీశైలాన్ని అడిగాను, సార్ చివర్లో ఎలా ఉన్నారని. "నిద్రలనే పోయిండు, ఏం తెల్వలే" అన్నాడు. మౌనిక కూడా అదే అంది. పక్కింటావిడా అదే అంది. నిద్రలనే, ఏం తెల్వలే. అంతమంది మంచివాళ్ళ మధ్య నిలబడి నేను ఒక్క మాటా నమ్మలేకపోయాను. నాకే ఇలా కూడబలుక్కుని చెబుతుంటే, ఆ మనిషికి చివరిక్షణంలోనూ అబద్ధమే చెప్పారేమోనని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

వంటింట్లో సుగుణమ్మ ఒక్కతే ఉంది. "అమ్మా, సార్ నిజంగా నిద్రలోనే పోయారా?" అని అడిగాను.

ఆమె పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరగా వేసింది. "లేదు బిడ్డా. మెలకువనే ఉన్నడు. ఊపిరి ఆడక మస్తు తిప్పలపడ్డడు. నా చెయ్యి పట్టుకొని, సుగుణా, ఇగ అయిపాయెనా అని అడిగిండు. చెప్పకని మౌనిక తల ఊపుతనే ఉన్నది."

"మీరేమన్నారు?"

"అయిపాయె అన్న. ఇంకేమంట? ఉన్నది చెప్పుమన్నడు గద. మంచిగ చెప్పినవ్ అన్నడు. ఇంక చెయ్యి ఇడువలే."

అన్నిటినీ అనుమానించమని నేర్పిన నా గురువు, ఆఖరున ఒక్కరిని అడిగి, ఆ ఒక్కరి మాట నమ్మి వెళ్ళిపోయారు. ఆయన కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను పాఠం చెబుతున్నాను, దాన్ని ఏనాటికీ నింపలేను. ఆ పాదాలకు నమస్కారం. సుగుణమ్మ చెప్పింది నిజమా కాదా అని నేను ఇంకెవరినీ అడగలేదు.