ట్యాంకుల ఆటకు రెఫరీ మునిరాజు

హోసూరు పక్కనున్న మూకండపల్లిలో సుధీర్ అద్దెకుండే మేడమీది గదిలో ప్రతి ఆదివారం యుద్ధం జరిగేది. రెండు ప్లైవుడ్ షీట్లు జోడించిన బల్ల, దాని మీద థర్మోకోల్ గుట్టలు, స్పాంజి ముక్కల చెట్లు, అట్టతో కట్టిన ఊరు, ఊరి ముందర ఒక వంతెన. బొటనవేలంత ట్యాంకులు. ఎనభై ఏళ్ళ కింద యూరప్‌లో జరిగిన పోరాటాలను పుస్తకాల్లో చదివి, ఆనాటి బలాలనే బల్ల మీద పేర్చి, పాచికలేసి మళ్ళీ ఆడేవాళ్ళు. ఇటు మూడు ట్యాంకులు, అటు తొమ్మిది. ఎనిమిది రౌండ్లు వంతెన పోకుండా కాపాడితే మూడు ట్యాంకులవాళ్ళు గెలిచినట్టు.

ఆడేవాళ్ళు ఐదారుగురు, అందరూ ఫ్యాక్టరీ ఇంజనీర్లు. ఆ గదిలో కాంట్రాక్టు కార్మికుడు మునిరాజు ఒక్కడే. సుధీర్ క్వాలిటీ ఇంజనీరుగా ఉన్న ఫ్యాక్టరీలోనే, ఇనుప రేకులను అచ్చులో నొక్కి కోసే పవర్ ప్రెస్సు మీద పనిచేసేవాడు. నాలుగేళ్ళ కింద ప్లైవుడ్ షీట్లు మోసుకొచ్చి ఇచ్చినవాడు, పోకుండా గోడకానుకుని చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే బల్ల దగ్గర గొడవ మొదలైంది. కనపడని ట్యాంకును కొట్టకూడదనేది ఆటలో నియమం. కనపడుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు దారం లాగి చూస్తారు. సుధీర్ లాగితే దారం గుట్టకు తగులుతోంది, అనంతకుమార్ లాగితే తగలడం లేదు.

"కనపడదు సార్," అన్నాడు మునిరాజు గోడ దగ్గర్నుంచి.

"నీకెట్లా తెలుసు?"

"గుట్ట అడ్డముంది కదప్పా. గొర్రె ఆడ నిలబడినా కనపడదు."

అందరూ నవ్వారు. మునిరాజు వచ్చి బల్లకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. "ట్యాంకును ఒక వేలు ఇట్లా జరిపితే కనపడ్తాది. ఇప్పుడైతే లేదు." వేలంత జరిపి దారం లాగారు. తగల్లేదు. ఆరోజు నుంచి అతనే రెఫరీ. దారం ఎక్కడ పెట్టారో కూడా మరిచిపోయారు.

బేరిగై దగ్గర గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టినవాడు. నాన్న వెంకటరామప్పతో తిరిగి తిరిగి, ఏ బండ మీద నిలబడితే ఏ వంకలో గొర్రె కనపడుతుందో పలక పట్టకముందే నేర్చుకున్నాడు. తర్వాత మేత బీళ్ళకు కంచెలు పడ్డాయి. లేఔట్లొచ్చాయి, షెడ్లొచ్చాయి. అభివృద్ధి అన్నారు. గొర్రెలకు మేత లేదన్న సంగతి ఏ కాగితంలోనూ రాయలేదు. మంద అమ్మేసి మునిరాజు ప్రెస్సు దగ్గరికొచ్చాడు.

ఆదివారం మాత్రం ఆ కంటికి పని దొరికింది. ఇంజనీర్లు అతని నోటి మాట కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు.

"ఏం రెఫరీ సార్, సుధీర్ బిర్యానీ తెప్పించాడని నా ట్యాంకు కనపడిందంటున్నావా?" అని అనంతకుమార్ దెప్పేవాడు.

"బిర్యానీ తినింది నిజమే. నీ ట్యాంకు తోక బయటుండేదీ నిజమేనప్పా."

దెబ్బ తిన్న ట్యాంకు మీద పొగ గుర్తుగా చిటికెడు దూది పెట్టేవాళ్ళు. మొదట్లో ఒకసారి మునిరాజు అడిగాడు, "లోపలోళ్ళు?"

"లోపల ఐదుగురుంటారు. వాళ్ళను లెక్కపెట్టం. ట్యాంకే లెక్క," అన్నాడు సుధీర్.

"మన కాంట్రాక్టరు మాదిరా?"

గది దద్దరిల్లింది. సుధీర్ కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

పోయిన ఏడాది జూలై చివర, ఆడి నెలలో, ఒక మంగళవారం పొద్దున నాలుగో ప్రెస్సు మీద నాగవేణి కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. మదనపల్లె వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళు. చెయ్యి లోపలుంటే ప్రెస్సును ఆపే సెన్సర్ ఒకటుంటుంది. అది మాటిమాటికీ ఆపుతోందని, టార్గెట్ తగ్గుతోందని, సూపర్‌వైజర్ విఘ్నేష్ షిఫ్టు మొదట్లోనే తాళంచెవి తిప్పి దాన్ని ఆపేశాడు. మునిరాజు తన మెషిన్ దగ్గర నిలబడి, పేర్చిన క్రేట్ల మీదుగా, రెండు స్తంభాల సందులోంచి ఆ తాళంచెవి తిరగడం చూశాడు.

కాంట్రాక్టరు నాగవేణి పేరు కార్మికుల బీమా ఈఎస్‌ఐలో రాయించనేలేదు. ఇక మిగిలింది కృష్ణగిరిలో లేబర్ అధికారి ముందు కంపెనీ మీద పరిహారం కేసు. దానికీ ఒక సందు ఉంది. రక్షణగా పెట్టినదాన్ని కార్మికులే కావాలని తీసేశారని తేలితే యజమాని తప్పించుకోవచ్చు. అందుకే ఫ్యాక్టరీ మాట ఒకటే అయింది. సెన్సర్ ఆపింది ఆ పిల్లే.

ఫ్యాక్టరీ లోపల జరిపే విచారణకు ముందురోజు మేనేజర్ జనార్ధనరావు మునిరాజును పిలిచి టీ ఇప్పించాడు. "పర్మనెంట్ లిస్టు తయారవుతోంది మునిరాజూ. నీ పేరుంది. రేపు అడుగుతాం. అడ్డంగా క్రేట్లున్నాయి కదా, కనపడదని చెప్పెయ్. నువ్వేమీ ఎవరి మీదా చెప్పనక్కర్లేదు."

ఇక్కడ మునిరాజును తిట్టడం సులువు. తొమ్మిదేళ్ళు, ప్రతి పదకొండో నెలా పేరు కొట్టేసి కొత్తగా చేరినట్టు రాసుకునే ఫ్యాక్టరీలో బతికినవాడు. ఆ కొట్టివేతను చట్టం చూసీ చూడనట్టు పోయింది. నిజం చెప్పే బరువు మాత్రం అతని నెత్తిన పెట్టింది. అయినా, అబద్ధం అబద్ధమే. ఆ మాట తర్వాత అతనే అన్నాడు.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. మూడోవాడు సుధీర్. ముందర షాపు ఫ్లోరు ప్లాను పెట్టుకుని ఉన్నాడు.

"నీ మెషిన్ కాడ నిలబడితే నాలుగో ప్రెస్సు తాళం కనపడుతుందా?" జనార్ధనరావు అడిగాడు.

మునిరాజు ప్లాను వైపు చూశాడు. తలుపు దగ్గర చేతికి కట్టుతో నాగవేణి నిలబడి ఉంది.

"కనపడదు సార్."

సుధీర్ తలెత్తకుండా రాసుకున్నాడు. మునిరాజు సంతకం పెట్టాడు.

ఆ ఆదివారం కూడా ఆటకు పోయాడు. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారని భయం. అదే వంతెన, అవే మూడు ట్యాంకులు. ఆరో రౌండులో సుధీర్ ట్యాంకు ఒకటి ఊరి గోడ వెనక నక్కింది.

"రెఫరీ సార్, కనపడ్తాదా?" అన్నాడు అనంతకుమార్, అతని మాటనే వెక్కిరిస్తూ.

మునిరాజు బల్లకు చెంప ఆనించాడు. "కనపడ్తాది."

అనంతకుమార్ పాచికలు చేతిలోకి తీసుకున్నాడు. సుధీర్ ఆపాడు. "ఉండు. దారం పెట్టి చూద్దాం."

మూడేళ్ళలో ఎవరూ అనని మాట. దారం దొరక్క సొరుగులన్నీ వెతికారు. చివరికి దొరికింది. లాగారు. గోడకు తగల్లేదు. మునిరాజు చెప్పిందే నిజం.

"నిజమే చెప్పినాను సార్," అన్నాడు మునిరాజు లేచి.

"తెలుసులే. ఊరికే చూశాను."

"ఊరికేనా? మరి ఆ పొద్దు రాసుకునేటప్పుడు ఎందుకు అడగలేదు దారం?"

సుధీర్ దారం చుట్టి సొరుగులో పెట్టాడు. మిగతావాళ్ళకేమీ అర్థం కాలేదు. మునిరాజు చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

అట్నుంచి అటే నాగవేణి ఉండే వరస ఇళ్ళకు పోయాడు. ఆమె గడప మీద కూర్చుని ఎడమచేత్తో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"నేను చూసినానమ్మా. విఘ్నేషే తిప్పినాడు తాళం."

"నువ్వు చూసినావని నాకు తెలుసన్నా. ఆ పొద్దు నేను అరిస్తే మొదట పరిగెత్తి వచ్చింది నువ్వే కదా. వస్తా వస్తా తాళం దిక్కే చూసినావు." చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "ఆ రూములోనే చెప్పింటే బాగుండు."

"కృష్ణగిరికి వచ్చి చెప్తా."

"పని పోతాది."

"పోనీ."

పోయింది. కేసులో సాక్షుల పేర్లు ఇచ్చిన వారానికే గేటు దగ్గర అతని కార్డు పనిచేయలేదు. సెక్యూరిటీవాడు ముఖం చూడకుండా "లిస్టులో లేవన్నా" అన్నాడు. నాలుగో రోజు అతని భార్య సుమ చొక్కా ఇస్త్రీ చేసిపెట్టి, "కృష్ణగిరికి పోయేటప్పుడు ఇది తొడుక్కో" అంది.

నాగవేణి లాయరు సుధీర్‌ను కూడా రమ్మన్నాడు. వస్తానన్నాడు సుధీర్. విచారణ తేదీకి ముందే పుణె బ్రాంచికి బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయాడు. గది ఖాళీ అయింది.

కృష్ణగిరిలో అధికారి ముందు మునిరాజు చూసింది చూసినట్టు తమిళంలో చెప్పాడు. క్రేట్లు ఎన్ని వరసలో, స్తంభాల సందు ఎన్ని జానలో, అన్నీ చెప్పాడు. కంపెనీ లాయరు ఓపిగ్గా విని ఒక కాగితం చూపించాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే సార్."

"ఇందులో కనపడదన్నావు. ఇప్పుడు కనపడుతుందంటావు. ఏది అబద్ధం?"

"ఆ కాగితమే అబద్ధం."

"అంటే అవసరమొస్తే అబద్ధానికి సంతకం పెడతావు. పని పోయాక ఇప్పుడు నీకు ఇంకో అవసరం. అంతే కదా?"

మునిరాజు నోరు తెరిచేలోపే లాయరు "చాలు సార్" అని కూర్చున్నాడు. నిజం చెప్పినా, దారం లాగి చూడకుండానే నమ్మని చోటు అతనికి జీవితంలో అదే మొదటిది. ఆ చోటును కట్టింది జనార్ధనరావు, రాసుకుంది సుధీర్, సంతకం మాత్రం అతనిది.

కేసు ఇంకా నడుస్తోంది. రెండు నెలలకొకసారి వాయిదా. అతని సాక్ష్యం అయిపోయింది, నువ్వు రానక్కర్లేదని లాయరు చెప్పేశాడు. మునిరాజు ఇప్పుడు బేరిగైలో ఒక పూలతోట దగ్గర కూలికి పోతాడు. వాయిదా రోజు మాత్రం పని మానుకుని, హోసూరులో నాగవేణి ఎక్కే బస్సే ఎక్కుతాడు. ఆమె ముందు సీట్లో, అతను వెనక. రమ్మని ఆమె ఎప్పుడూ అనలేదు. రావద్దనీ అనలేదు.

పోయిన వాయిదాకి ఆమె ఒక అర్జీ మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఎడమచేత్తో రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. కాగితం జారుతోంది. మొదటి అక్షరం వంకర పోతే ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. గుమాస్తా గడియారం చూసి, "వేలిముద్ర వేసిపోమ్మా, వెనక జనమున్నారు" అంటూ ఇంకుప్యాడ్ ముందుకు తోశాడు.

మునిరాజు గోడ దగ్గర్నుంచి వచ్చి, కాగితం జారకుండా అంచు మీద వేలు పెట్టాడు.

"ఉండండి సార్. రాయనీయండి ఆ యమ్మను."