పాలపళ్ళ సీసా

కాలేజీలో అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవారు. దంతవైద్య కళాశాల ల్యాబులో పందొమ్మిదేళ్ళుగా ఆయన పని ఒకటే. ఊడిన పళ్ళు కడగడం, కోసి నున్నగా అరగదీయడం, జిగురు పూసి, పుచ్చుపళ్ళలో నింపే సిమెంటు ముక్క అతికించడం, మర్నాడు యంత్రానికి బిగించి దాన్ని ఊడలాగడం. ఎంత బలానికి ఊడిందో పెద్ద డాక్టరుగారి పుస్తకంలో రాయడం.

"అతికించేదీ నువ్వే, పీకేదీ నువ్వే. సంసారమంటే నీదేనోయ్!" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

కిటికీ పక్క బల్లమీద రెండు సీసాలు. ఒకదాంట్లో పెద్దవాళ్ళ పళ్ళు, ఇంకోదాంట్లో పాలపళ్ళు. పాలపళ్ళకు జిగురు సరిగా పట్టదని పెద్ద డాక్టరు తేల్చింది ఈ సీసాల్లోంచే. ఆ మాట పాఠ్యపుస్తకానికి ఎక్కింది. అందులో పళ్ళాయన పేరు లేదు, ఉండాలని ఆయన అనుకోనూ లేదు. తాను రాసిన అంకె తప్పు కాదన్నదొక్కటే ఆయన ధీమా.

ఈ యేడు చేరిన పరిశోధక విద్యార్థిని ఒక ఉదయం ఊరికే అడిగింది.

"బాబాయ్, పాలపళ్ళు ఇంత తెల్లగా ఉన్నాయేంటి?"

"మూడ్రోజులు బ్లీచింగు నీళ్ళలో నానేస్తానమ్మా. పసిపిల్లల పళ్ళు కదా, మురిగ్గా ఉంటే చూడలేను."

"మరి పెద్దవాళ్ళవి?"

"వాటికేం ముద్దు! గీకి మంచినీళ్ళలో పడేస్తా."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. బ్లీచింగు పంటి లోపలి పొరను తినేస్తుందనీ, ఆ చోట జిగురుకు పట్టు దొరకదనీ చెప్పింది. ఇద్దరూ కలిసి ఉత్త నీళ్ళలో ఉంచిన పాలపళ్ళు ఇరవై పరీక్షించారు. పెద్దవాళ్ళ పళ్ళతో ఇంచుమించు సమానంగా సిమెంటును పట్టుకున్నాయి.

పళ్ళాయన మనవరాలి పుచ్చుపళ్ళు రెండు అప్పటికే పీకించారు. "పాలపళ్ళు కదా, సిమెంటు నిలవదు. మీ కాలేజీవాళ్ళే రాశారుగా!" అన్నాడు వాళ్ళ వీధిలో దంతవైద్యుడు. మూడోది వచ్చే శుక్రవారం.

మర్నాడే పెద్ద డాక్టరు గదికి వెళ్ళాడు. "తప్పు నాదే సార్. మీరు దిద్దాలి. ఒక్క ముక్క రాయండి, పిల్లల పళ్ళు నిలుస్తాయి."

పెద్ద డాక్టరు లేచి తలుపు వేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంకెవరికి తెలుసు?"

"ఆ అమ్మాయికి."

"ఆ అమ్మాయి డిగ్రీకి సంతకం పెట్టేది నేనే." వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "బ్లీచింగు మాత్రం మానకు. ఉన్నట్టుండి అంకెలు పెరిగితే, ఎందుకని అడుగుతారు."

కష్టపడే చేతికే నిజం తెలుస్తుందని సభల్లో ఊదరగొడతారు. తెలిసింది, సరే. ఆ చేతిని ఏ తలుపు మీద కొట్టుకోవాలో చెప్పినవాడు లేడు. సిమెంటు పెట్టమని పళ్ళాయన ఆ దంతవైద్యుణ్ణి బతిమాలాడు. "సీసాలు కడిగేవాడి మాట వినాలా, పుస్తకం వినాలా పెద్దాయనా?" అని నవ్వాడాయన.

శనివారం మనవరాలు చేతిరుమాలు విప్పింది.

"తాతా, నీ సీసాలోకి! బాగా తెల్లగా చేస్తావా?"

"చేస్తానమ్మా."

మూడ్రోజుల తర్వాత ఆ పన్నును బ్లీచింగులోంచి తీశాడు. పుచ్చని వైపు అరగదీసి, జిగురు పూసి, సిమెంటు అతికించాడు. మర్నాడు యంత్రానికి బిగించాడు. విద్యార్థిని తల తిప్పుకుంది. ముల్లు ఇలా కదిలిందో లేదో, సిమెంటు ఊడి కిందపడింది.

పళ్ళాయన కళ్ళజోడు తుడుచుకుని, ఆ అంకెను ఉన్నదున్నట్టు రాశాడు.