వెనక్కి చూసిన పక్షి

దుబాయ్‌లో మామయ్య పోయాడు. అల్ ఖూజ్‌లో కంపెనీ బస్సు కోసం నిలబడినవాడు కళ్ళు తిరుగుతున్నాయని గోడవారన కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. కొంత తేరుకున్నాక నెమ్మదిగా రాద్దామనుకున్నాను. కానీ ఆయన చెక్కిన రైఫిల్ వచ్చే నెల ఇరవయ్యో తేదీన ఇంకొకరి పేరుతో మళ్ళీ అమ్మకానికి వస్తోంది. అందుకే ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. బందరు పక్కన చిలకలపూడిలో గిల్టు నగలకు అచ్చులు కోసేవాడు. ఉక్కు దిమ్మలో నెమలిని తవ్వి, దాని మీద పల్చటి రేకు పెట్టి కొడితే, రేకు మీద నెమలి లేస్తుంది. అయితే దిమ్మలో ఎడమకు చూసే నెమలి రేకు మీద కుడికి చూస్తుంది. కాబట్టి అచ్చు కోసేవాళ్ళు బొమ్మని ఎప్పుడూ తిరగేసే కోస్తారు. మీసాలు రాకముందు నుంచీ మామయ్య చేతికి అదే అలవాటు.

"ఉక్కులో ఉన్నది బొమ్మ కాదే కోడలా. అది బొమ్మకి అమ్మ. బొమ్మ బయటికొచ్చాక చూసుకోవాల" అనేవాడు.

దుబాయ్ వచ్చాక డేరా అనే పేటలోని దుకాణాల్లో గొలుసు బిళ్ళల మీద పేర్లు చెక్కాడు. తరవాత అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో కుదిరాడు. అక్కడ కత్తుల పిడులూ గడియారాల మూతలూ చెక్కేవాళ్ళు. అప్పుడప్పుడూ తుపాకుల ఉక్కు భాగాలు విడిగా వచ్చేవి. అక్కడ అందరూ ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు. వీసాలో మాత్రం హెల్పర్.

ఆయనకు చదువు రాదు. ఇంగ్లీషైనా అరబ్బీ అయినా బొమ్మను చూసినట్టు చూసి, ఉన్నది ఉన్నట్టు చెక్కేవాడు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. డేరాలోని ఒక క్లినిక్‌లో నాకు ఉద్యోగం వచ్చాక, ఆదివారాలు జేబులో కాగితాలు పెట్టుకుని వచ్చేవాడు. పని పూర్తయ్యాక గీతల్లోకి నల్లరంగు రుద్ది, పైన తుడిచేసి, తడి కాగితం అద్ది గోటితో రుద్దడం ఆయన పద్ధతి. ఒలిస్తే కాగితం మీద ముద్ర వస్తుంది. అక్షరాలు తిరగబడి ఉండేవి కాబట్టి వెనక నుంచి వెలుగుకు పట్టి చదివేదాన్ని.

"ఎవరి పేరే ఇది?"

"ఎవరో షేక్ పేరు మామయ్యా. నీకెందుకు?"

"నెల్రోజులు ఆయన పేరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానే. పలకరించొద్దూ?"

చదివాక ఆ కాగితాలు దాచుకునేవాడు కాదు. ఎవరు బాగుందంటే వాళ్ళకి ఇచ్చేసేవాడు.

ఇక ఆ రైఫిల్. ఒకసారికి ఒకే తూటా పట్టే వేట రైఫిల్. దానితో ఎవరూ వేటకు వెళ్ళరు. గాజు పెట్టెలో పెట్టి చూసుకుంటారు. దాని పక్కభాగం మీద ఇసుకలో పరుగెత్తే హుబారా పక్షిని చెక్కమన్నారు. మన బట్టమేకపిట్ట లాంటిది. పక్షి ముఖం గొట్టం కొసవైపు ఉండాలి. నమూనా బొమ్మ ఎదురుగానే ఉంది. పేర్లయితే చూసింది చూసినట్టు చెక్కే మనిషి. ఇది పక్షి కావడంతో, నెమళ్ళు కోసిన చెయ్యి పాత దారి పట్టింది. మధ్యలో ముద్ర తీసి చూసుకున్నాడు కూడా. కాగితం మీద పక్షి అచ్చం నమూనాలో లాగే ఉంది. సరిపోయిందనుకున్నాడు. ఉక్కు మీద మాత్రం అది తుపాకీ పట్టినవాడి వైపు తిరిగి ఉంది. ఉక్కు మీది గీత చెరిపితే పోదు.

"'చిడియా ఉల్టా కర్ దియా ఉస్తాద్! ఖలాస్, ఇంక బందూక్ ముట్టుకోవద్దు' అన్నాడే ముదీర్" అని వర్క్‌షాపు మేనేజరు మాటలు చెప్పాడు. అప్పటి నుంచి చివరిదాకా ఆయనకు తాళంచెవి బిళ్ళలే ఇచ్చారు.

ఏడాది తరవాత ఆ రైఫిల్ ఫోటో ఉన్న అమ్మకాల పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. ఫోటో కింద చెక్కినవాడిగా ఎవరో విదేశీ కళాకారుడి పేరు ఉంది. అబ్రా పడవల రేవు దగ్గర టీ తాగుతూ ఆయనకు చదివి వినిపించాను. వేటగాడి కళ్ళలోకి తిరిగి చూసే పక్షి అట. అంత సాహసమైన ఊహ ఆ విదేశీ కళాకారుడికే సాధ్యమట. మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"ఒప్పు ఎలాగూ నాది కాదంటారు. తప్పన్నా నాకు వదలొచ్చుగదే!" అన్నాడు.

అని నవ్వాడు. టీ మాత్రం సగంలో వదిలేశాడు. అడుగుదాం మామయ్యా అంటే, "హెల్పరుగాడికి పక్షెందుకంటారు. పద, నీకు ఆలస్యమవుద్ది" అన్నాడు.

ఆయన పోయాక నేనే అడిగాను. అమ్మేవాళ్ళ ఆఫీసులో మర్యాదగానే మాట్లాడారు. "వీసాలో హెల్పర్ అని ఉంది కదా మేడమ్. ఆయన చెక్కినట్టు ఏదైనా ఆధారం ఉంటే పేరు మారుస్తాం" అన్నారు. ముదీర్ "ఉస్తాద్ బహుత్ అచ్ఛా ఆద్మీ థా" అని ఫోన్ పెట్టేశాడు. గదికి వెళితే ఆయన మంచం మీద అప్పటికే కొత్తవాడి దుప్పటి ఉంది. ఉలులు కంపెనీవట. మిగిలిన ఒకటీ అరా కాగితాలు చెత్తలో పోయాయట. మంచివాడన్న ఒక్క మాట తప్ప మాకు ఏమీ మిగల్చలేదు.

నా దగ్గర ఉన్నది ఒకే ముద్ర, అది కూడా సాధన కోసం వేరే రేకు మీద చెక్కిన రెక్క. "అక్షరాలు నువ్వు చదువు, గీతలు నేను చూసుకుంటా" అని ఆయన నాకిచ్చింది. చదవడం నాకు పనికొచ్చే విద్య అని మొదట నమ్మిన మనిషి ఆయనే. ఆ విద్యతో ఆయన పేరు ఒక్కచోట రాయించలేకపోతే నాకు మనశ్శాంతి లేదు.

పక్షి ముద్ర మాత్రం "రాజోలు తమ్ముడికిచ్చా, అద్దం పక్కన అంటించుకున్నాడు" అని ఒకసారి చెప్పాడు. ఆ గదిలో ఆయనతో ఉండి, తరవాత ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనికి వెళ్ళిన మనిషి. పేరు నాకు తెలియదు. అన్నా, ఇది మీరే చదువుతున్నా, మిమ్మల్ని ఎరిగినవాళ్ళు చదువుతున్నా, వచ్చే నెల పదిహేనో తేదీలోగా ఈ పత్రికకు ఒక్క జవాబు రాయండి. ఆ ముద్ర ఆ ఉక్కు మీద నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. గీతకు గీత సరిపోతుంది. గుర్తుపట్టడం కూడా తేలికే. గాజు పెట్టెలో వెనక్కి చూస్తున్న ఆ పక్షి, మీ కాగితం మీద ముందుకే చూస్తూ పరుగెడుతూ ఉంటుంది.